విధానం, పరిశోధన, మన తరగతి గది: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో స్కూల్ కాంప్లెక్స్ (దగ్గర దగ్గర బడుల గుంపు) సమావేశాల్లో టీచర్లు అడిగేవి, డీఈడీ, బీఈడీ చదివే పిల్లలు అడిగేవి, తల్లిదండ్రుల కమిటీ కూర్చున్నప్పుడు వచ్చేవి, ఇలా చాలాకాలంగా నా చెవిన పడుతున్న ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. నేను ప్రాథమిక బడి టీచర్ని. బయటి నుంచి వచ్చిన ప్రతి పద్ధతినీ నెత్తిన పెట్టుకోమని చెప్పను, ప్రతిదాన్నీ తోసెయ్యమనీ చెప్పను. మండలానికి ఏదైనా కొత్త పేరు దిగినప్పుడు నేను వెతికేవి రెండు. అది పుట్టిన చోట ఏ ఇబ్బంది తీర్చడానికి పుట్టింది? అక్కడి టీచరుకు దొరికిన సాయం మనకూ దొరుకుతోందా?

గరివిడిలోనో టెక్కలిలోనో పాఠం చెప్పుకునే మాకు లండన్‌లో ఎవరో రాసిన పరిశోధనా పత్రంతో ఏం పని?

మీ బల్ల మీది రిజిస్టర్లు ఒకసారి చూడండి. ఎఫ్ఏ (పాఠాలు నడుస్తుండగానే చేసే మూల్యాంకనం) మార్కుల వెనక ఉన్న ఆలోచనకు ప్రపంచమంతటా ఊపు తెచ్చింది 1998లో లండన్ కింగ్స్ కాలేజీ నుంచి వచ్చిన ఒక సమీక్ష. పిల్లల్ని స్థాయిల వారీగా కూర్చోబెట్టమని శిక్షణలో చెప్పే టార్ల్ (పిల్లల స్థాయికి తగ్గట్టు బోధించడం) వెనక ముంబై, వడోదరల్లో జరిగిన ప్రయోగం ఉంది. హాజరు చూసి తల్లి ఖాతాలో డబ్బు వేసే పథకాలకు దారి వేసిన వాటిలో 1997లో మెక్సికో మొదలుపెట్టిన ప్రోగ్రెసా ముఖ్యమైనది. ఇవన్నీ మన బడికి జీవోగానో, శిక్షణ మాడ్యూల్‌గానో, ఫోన్లో యాప్‌గానో వస్తాయి. వచ్చేటప్పటికి పుట్టిల్లు ఏదో ఎవరూ చెప్పరు. తెలుసుకుంటే మాత్రం, దానిలో ఏది ప్రాణమో, ఏది పైపై తొడుగో మనమే తేల్చుకోగలం.

ఈ విదేశీ ప్రభావం ఈమధ్యే మొదలైందా?

లేదు. రిటైరయిన టీచర్లను అడగండి, "అప్పెప్" అంటారు. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు అన్నమాట. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో 1980లలో చిన్నగా మొదలై, తర్వాత రాష్ట్రమంతటికీ పాకింది. దానికి ఆరు సూత్రాలు ఉండేవి: టీచరే కృత్యాలు తయారు చెయ్యాలి, పిల్లలు చేసి నేర్చుకోవాలి, ఒక్కొక్కరుగా, గుంపులుగా, తరగతి మొత్తంగా పని ఉండాలి, పిల్లల మధ్య తేడాలకు చోటివ్వాలి, చుట్టూ ఉన్న పరిసరాలను వాడుకోవాలి, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించి గదిని ఆసక్తిగా ఉంచాలి. ఇంగ్లండ్‌లో 1967 నాటి ప్లౌడెన్ నివేదిక తర్వాత ప్రాథమిక బడుల్లో బలపడిన ఆలోచనల పోలిక వీటిలో నాకు స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ తర్వాత డీపీఈపీ, అంటే జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం. 1990లో థాయ్‌లాండ్‌లోని జోమ్‌టియెన్‌లో "అందరికీ విద్య" మహాసభ జరిగింది. ఆ ఊపులో దేశంలో 1994లో డీపీఈపీ మొదలైంది. ఆడవాళ్ల అక్షరాస్యత దేశ సగటు కంటే తక్కువ ఉన్న జిల్లాలను ఎంచుకున్నారు. మన రాష్ట్రంలో తొలి విడతలో తీసుకున్న ఐదు జిల్లాల్లో విజయనగరం ఒకటి, డబ్బు బ్రిటన్ ఇచ్చింది. శ్రీకాకుళం రెండో విడతలో, ప్రపంచ బ్యాంకు డబ్బుతో వచ్చింది. మండల రిసోర్స్ సెంటర్లు, ఎంఆర్‌పీలు (మండల రిసోర్స్ పర్సన్లు), టీఎల్ఎం (బోధన సామగ్రి) అన్న మాటలు మన నోళ్లలో స్థిరపడింది ఆ రోజుల్లోనే.

ఇంతకీ మిగిలిందేమిటి? నేను చూసిన బడుల్లో గోడల మీద చార్టులు మిగిలాయి. గుంపుల్లో కూర్చోబెట్టడం మిగిలింది. గుంపులో పిల్లలు నిజంగా కలిసి పని చెయ్యడం మాత్రం తక్కువ చోట్లే నిలిచింది. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చూసే బడిలో ఆ ఆరు సూత్రాలు నడపాలంటే వారం వారం పక్కన నిలబడి చూపించేవాళ్లు కావాలి. శిక్షణ అయిపోయాక ఆ తోడు దొరకలేదు. కంటికి కనిపించేవి తనిఖీలో అడుగుతారు కాబట్టి నిలబడ్డాయి, కంటికి కనిపించనివి జారిపోయాయి.

ఆలోచనలు ఎప్పుడూ అటు నుంచి ఇటు రావడమేనా? మన దగ్గర్నించి ఏమీ వెళ్లలేదా?

వెళ్లాయి, చాలా ముందే. 1789లో మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమం చూసుకోవడానికి చేరిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతాధికారి, ఇక్కడి వీధిబడుల్లో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూశాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే ఏర్పాటును తన బడిలో నడిపాడు. 1797లో దాని మీద నివేదిక అచ్చువేశాడు. "మద్రాసు పద్ధతి" అన్న పేరుతో అది ఇంగ్లండ్‌లో వేలాది పేద పిల్లల బడులకు పాకింది, అక్కడి నుంచి ఇతర దేశాలకూ వెళ్లింది. మన తాతముత్తాతలు ఓనమాలు దిద్దిన తీరు అది.

మన కాలంలో చూస్తే, చిత్తూరు వైపు రిషివ్యాలీ వాళ్లు ఒకే గదిలో పలు తరగతుల పిల్లలకు చెప్పడానికి కార్డులు, మెట్లతో ఒక పద్ధతి తయారు చేశారు. తమిళనాడు దాన్ని కార్యాచరణ బోధనగా మలిచి రాష్ట్రమంతా పెట్టింది. జర్మనీలో రీగెన్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం రిషివ్యాలీతో కలిసి దాని మీద పనిచేసింది. కొలంబియాలో 1970లలో విక్కీ కోల్బర్ట్ తదితరులు మొదలుపెట్టిన ఎస్క్వేలా న్వేవా కూడా ఇలాంటి పల్లె బడుల కోసమే పుట్టింది. ఏకోపాధ్యాయ బడి మనకొక్కరికే ఉన్న కష్టం అనుకుంటాం. ప్రపంచంలో సగం పల్లెల కష్టం అది.

టార్ల్, టార్ల్ అంటున్నారు. దాని అసలు కథ ఏమిటి మాస్టారూ?

కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే విధానం, పరిశోధన, తరగతి గది మూడూ ఒకదాన్నొకటి దిద్దుకున్న తీరు ఇందులో కనిపించినంత బాగా ఇంకెక్కడా కనిపించదు.

ప్రథమ్ సంస్థ 1995లో ముంబై మురికివాడల్లో మొదలైంది. 3, 4 తరగతుల్లో ఉండి కూడా చదవడం రాని పిల్లల్ని రోజూ కాసేపు పక్కకు తీసుకెళ్లి, ఆ వాడలోనే ఉండే ఒక అమ్మాయి చేత చెప్పించారు. ఆమెను బాలసఖి అన్నారు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లోల బృందం ముంబై, వడోదరల్లో బాలసఖి ఉన్న బడుల్నీ లేని బడుల్నీ పోల్చి చూసింది. పిల్లలు నిజంగా ముందుకు వెళ్లారు. 2007లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

తర్వాత పల్లెల్లో చూశారు. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో ఊరి వలంటీర్లు సాయంత్రం చదువు శిబిరాలు పెట్టారు. వచ్చిన పిల్లలకు చదవడం వచ్చింది, కాని వచ్చినవాళ్లే తక్కువ. సరే, బడిలోనే పెడదాం అనుకున్నారు. బీహార్‌లో, ఉత్తరాఖండ్‌లో ప్రభుత్వ టీచర్లకు శిక్షణ ఇచ్చి, సామగ్రి ఇచ్చారు. పెద్దగా ఏమీ మారలేదు. టీచర్లు సామగ్రి వాడారు గాని, పిల్లల్ని తరగతి వారీగానే ఉంచి సిలబస్ పూర్తి చేసే పనిలోనే ఉండిపోయారు. చదువు స్థాయిని బట్టి గుంపులు చెయ్యడం జరగలేదు.

ఈ ఓటమిని దాచకుండా రాశారు, అందుకే తర్వాతి అడుగు పడింది. 2012-13లో హర్యానాలో మూడు పనులు చేశారు. బడి సమయంలో దీనికోసమే ఒక గంట కేటాయించారు. ఆ గంటలో పిల్లల్ని తరగతి చూడకుండా, చదవగలిగే స్థాయి చూసి కూర్చోబెట్టారు. అన్నిటికంటే ముఖ్యం, మన సీఆర్పీల్లాంటి పర్యవేక్షకులు ముందుగా తామే కొన్ని రోజులు పిల్లలకు ఆ పద్ధతిలో చెప్పి, ఆ తర్వాతే టీచర్లకు సాయంగా వెళ్లారు. ఈసారి పిల్లల హిందీ చదువు మెరుగుపడింది.

అక్కడి నుంచి ఆఫ్రికాకు వెళ్లింది. జాంబియా ప్రభుత్వం 2016లో "క్యాచ్ అప్" పేరుతో కొన్ని బడుల్లో మొదలుపెట్టి తర్వాత విస్తరించింది. ప్రథమ్ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వే, ఇంటింటికీ వెళ్లి ఒక్క కాగితం మీద అక్షరాలు, పదాలు, పేరా, కథ చదివించే పద్ధతి, 2009 నుంచి ఉవేజో పేరుతో కెన్యా, టాంజానియా, ఉగాండాలకు చేరింది. బెనర్జీ, డుఫ్లో, మైకేల్ క్రెమర్‌లకు 2019లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చినప్పుడు అందులో ఈ బడుల పనికీ వాటా ఉంది.

మా బడిలో టార్ల్ పెట్టాం, పెద్దగా లాభం కనిపించలేదు. ఎందుకు?

పైన బీహార్ సంగతి మళ్లీ చదవండి. గుంపులు నిజంగా మారుతున్నాయా? "పదాలు" స్థాయి దాటిన అమ్మాయిని ఆ వారమే "పేరా" గుంపులోకి పంపారా? లేక మొదటి రోజు రాసిన జాబితాయే ఇంకా నడుస్తోందా? ఆ గంటలో టీచరుకు ఇంకేదైనా యాప్ పని పడుతోందా? మన జిల్లాల్లో ఇంకొకటి ఉంది, వలస. ఇటుక బట్టీలకనో, కూలి పనులకనో అమ్మానాన్నలతో వెళ్లి నెలల తర్వాత తిరిగొచ్చిన పిల్లవాడిని ఏ గుంపులో కూర్చోబెట్టాలో ఆ రోజే చూసుకోవాలి. ఈ పద్ధతి అలాంటి పిల్లలకే ఎక్కువ మేలు చేస్తుంది. తిరిగొచ్చిన రోజు ఐదు నిమిషాలు వాడితో చదివించడం మర్చిపోకండి.

ఎఫ్ఏ, ఎస్ఏ పరీక్షలు పిల్లల మేలుకేనా? మాకు ఎంట్రీలు చెయ్యడంతోనే టెన్షన్.

ఆ మాట నిజం, బాధ కూడా అదే.

ఎఫ్ఏలకూ, కొంత సిలబస్ అయ్యాక పెట్టే ఎస్ఏలకూ మూలమైన నిరంతర సమగ్ర మూల్యాంకనం మన 1986 జాతీయ విద్యా విధానంలోనే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం దాన్ని తప్పనిసరి చేసింది. పాల్ బ్లాక్, డిలన్ విలియం 1998 సమీక్షలో చెప్పిన సారం చాలా సాదా సంగతి: పాఠం నడుస్తుండగానే పిల్లవాడికి ఎక్కడ చిక్కు పడిందో టీచర్ కనిపెట్టి, వెంటనే తన పాఠం మార్చుకుంటే, పిల్లలు బాగా నేర్చుకుంటారు. వెనకబడ్డవాళ్లకు మరీ ఎక్కువ లాభం. ఇక్కడ మార్కు ఊసే లేదు.

మార్కు గురించి ఇంకా సూటిగా చెప్పిన పరిశోధన ఇజ్రాయెల్‌ది. 1988లో రూత్ బట్లర్ పిల్లల్ని మూడు రకాలుగా విడదీశారు. కొందరికి మార్కు మాత్రమే ఇచ్చారు, కొందరికి ఎలా మెరుగుపరచుకోవాలో ఒక మాట రాసిచ్చారు, ఇంకొందరికి రెండూ ఇచ్చారు. మాట మాత్రమే అందుకున్నవాళ్లు మెరుగయ్యారు. రెండూ అందుకున్నవాళ్లకు లాభం కలగలేదు, మార్కు కనబడగానే ఆ మాటకు విలువ పోయింది.

అదే ఆలోచన మన బడికి వచ్చేసరికి ఎఫ్ఏ-1, ఎఫ్ఏ-2 అని తేదీలు, ప్రశ్నపత్రాలు, మార్కుల పట్టికలు అయ్యాయి. కొన్నేళ్లు పదో తరగతిలో 20 మార్కులు కూడా కలిపారు. అందరికీ నిండుగా మార్కులు పడుతున్నాయన్న విమర్శలతో అది ఎత్తేశారు. ఇంతకుముందు చెప్పిన హర్యానాలోనే ఈ నిరంతర మూల్యాంకనాన్ని కూడా విడిగా పరీక్షించారు. పిల్లల చదువులో తేడా కనబడలేదు. ఒకే రాష్ట్రం, ఒకే కాలం. స్థాయి వారీ బోధన ఫలించింది, రికార్డుల మూల్యాంకనం ఫలించలేదు.

మీ చేతిలో ఉన్నది చెప్తాను. ఎంట్రీ ఎలాగూ తప్పదు. నోట్‌బుక్కులు దిద్దేటప్పుడు మాత్రం వారానికి ఒక్కసారైనా మార్కు వెయ్యకుండా ఒక్క వాక్యం రాయండి: "అప్పు తెచ్చుకోవడం బాగుంది, పదుల స్థానంలో తగ్గించడం మర్చిపోయావు." తర్వాతి రోజు మొదటి ఐదు నిమిషాలు ఆ వాక్యం చదువుకుని దిద్దుకోవడానికే ఇవ్వండి. ఇవ్వకపోతే వాళ్లు చదవరు.

మన రాష్ట్రంలోనే ఏదో పెద్ద పరిశోధన జరిగిందంటారు, ఏమిటది?

2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు మన అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో చేసిన అధ్యయనాలు. రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ బ్యాంకు, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ కలిసి నడిపాయి. బడుల్ని చీటీలు తీసినట్టు ఎంపిక చేశారు, ఎవరి ఇష్టాయిష్టాలకూ చోటులేకుండా. కొన్ని బడుల్లో పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ ఇచ్చారు. రెండేళ్లకు ఆ బడుల పిల్లలు లెక్కల్లో, తెలుగులో మిగతా బడుల కంటే ముందున్నారు. బోనస్ ముడిపెట్టని సైన్సు, సోషల్‌లో కూడా మెరుగయ్యారు. 2011లో అచ్చయిన ఈ పత్రం ప్రపంచమంతటా చదివారు. మన రాష్ట్రంలో మాత్రం అది విధానం కాలేదు. దాదాపు అదే కాలంలో న్యూయార్క్ నగరం బడి మొత్తానికి బోనస్ ఇచ్చి చూసింది, ఫలితం లేక 2011లో ఆపేసింది.

నన్ను ఆలోచింపజేసింది ఇంకొకటి. బడికి పుస్తకాలు, సామగ్రికి గ్రాంటు ఇస్తే ఏమవుతుందో మన రాష్ట్రంలోనూ జాంబియాలోనూ చూశారు. అనుకోకుండా వచ్చిన ఏడాది పిల్లలకు లాభం కలిగింది. ఏటా వస్తుందని తెలిశాక తల్లిదండ్రులు తమ ఇంటి నుంచి పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు, లాభం పోయింది. రెండు ఖండాల్లో పేద ఇంటి లెక్క ఒకేలా నడిచింది. వాళ్లను తప్పు పట్టే పనేం లేదు, ఆ డబ్బు ఇంకో అవసరానికి వెళ్లింది.

ఒక చోట రుజువైందంటే మన దగ్గరా పనిచేస్తుందనే కదా?

రెండు ఉదాహరణలు చాలు.

అమెరికాలో టెనెసీ రాష్ట్రం 1985 నుంచి చిన్న తరగతుల మీద ప్రయోగం చేసింది. 13 నుంచి 17 మంది ఉన్న తరగతుల పిల్లలు, 22 నుంచి 25 మంది ఉన్న తరగతుల కంటే బాగా నేర్చుకున్నారు. అది చూసి 1996లో కాలిఫోర్నియా రాష్ట్రమంతా ఒక్కసారిగా తరగతులు చిన్నవి చేసింది. అన్ని తరగతులకు అర్హత ఉన్న టీచర్లు దొరకలేదు. పేద ప్రాంతాల బడుల నుంచి మంచి టీచర్లు బాగున్న ప్రాంతాలకు వెళ్లిపోయారు.

కెన్యాలో కాంట్రాక్టు టీచరును అదనంగా పెడితే పిల్లలు మెరుగవుతున్నారని తేలింది. దాన్ని దేశమంతటికీ తీసుకెళ్లేటప్పుడు కొన్ని బడుల్లో స్వచ్ఛంద సంస్థ చేత, కొన్నిట్లో ప్రభుత్వం చేత నడిపించి చూశారు. సంస్థ నడిపిన చోట ఫలించింది, ప్రభుత్వం నడిపిన చోట ఫలితం సున్నా. అదే జీతం, అదే ఉద్యోగం. బడుల్లో తాత్కాలికంగా పెట్టిన విద్యా వలంటీర్లను చూసిన మన జిల్లాల వాళ్లకు దీనిలో ఆశ్చర్యం ఉండకపోవచ్చు. జీతం నెలనెలా వచ్చిందా, ఎవరైనా వచ్చి చూశారా అన్నవే తేడా తెస్తాయి.

ఫిన్లాండ్‌ను చూసి నేర్చుకోమంటారు. నేర్చుకోవచ్చా?

నేర్చుకోవచ్చు, ర్యాంకు చూసి మాత్రం వద్దు. అక్కడ 1970లలో అందరికీ ఒకే రకం బడి తెచ్చారు, 1979 నుంచి టీచరుకు మాస్టర్స్ డిగ్రీ ఉండాలన్నారు. 2000 తర్వాత పీసా (పదిహేనేళ్ల పిల్లలకు చాలా దేశాల్లో పెట్టే పరీక్ష) ర్యాంకులు వచ్చేసరికి ప్రపంచమంతా అక్కడికి పరుగెత్తింది. అప్పుడు కనిపించిన ఫలితం ముప్పై ఏళ్ల కిందటి నిర్ణయాలది. పీసా గణితంలో 2006లో 548 ఉన్న స్కోరు 2022కి 484కి దిగింది. హోంవర్కు తక్కువ అన్న ఒక్క ముక్క తెచ్చి మన బడిలో పెట్టేవాళ్లు, టీచరు తయారీకి అక్కడ పెట్టిన ఏళ్ల సంగతి చెప్పరు.

పీసాలో మనం ఎందుకు లేం?

తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ 2009 విడత పరీక్ష రాశాయి. 74 ప్రాంతాల్లో అట్టడుగున, కిర్గిజ్‌స్తాన్‌కు కాస్త పైన నిలిచాయి. ఆ తర్వాత దేశం తప్పుకుంది. 2001లో ఇలాంటి దెబ్బ తగిలినప్పుడు జర్మనీలో ఇంటింటా చర్చ జరిగి బడుల్లో మార్పులు వచ్చాయి. మనం మాత్రం, పరీక్షలో అడిగిన ప్రశ్నలు మన పిల్లలకు సరిపోవన్నాం. అందులో కొంత నిజముంది, కాని ఆ ఒక్క మాటతో చర్చ మూసేశాం.

తల్లి ఖాతాలో డబ్బు వేస్తే పిల్లలు చదువుకుంటారా?

బడికి వస్తారు. మెక్సికో ప్రోగ్రెసా నుంచి చాలా దేశాల్లో తేలింది ఇదే: చేరికలు, హాజరు పెరుగుతాయి, ముఖ్యంగా పెద్ద తరగతుల ఆడపిల్లలవి. చదవడం, లెక్కలు రావడంలో లాభం చాలా కొద్ది. 2020లో మన రాష్ట్రంలో 15,000 రూపాయలతో 75 శాతం హాజరు షరతు మీద పథకం మొదలైనప్పుడూ, ఇప్పుడు వేరే పేరుతో నడుస్తున్నప్పుడూ దాన్ని హాజరు పథకంగానే చూడాలి. వచ్చిన పిల్లకు చదువు చెప్పడం తరగతి గది పని.

టీచర్లు బడికి రారని ఏదో అంతర్జాతీయ సర్వే తేల్చిందట కదా?

బంగ్లాదేశ్, ఈక్వడార్, ఇండోనేషియా, పెరూ, ఉగాండా, మన దేశంలో 2000ల మొదట్లో ముందు చెప్పకుండా బడులకు వెళ్లి చూశారు. మన దేశంలో 25 శాతం మంది టీచర్లు ఆ సమయంలో బడిలో లేరు. ఆ అంకె పత్రికల్లోకి, విధానాల్లోకి వెళ్లింది. బయోమెట్రిక్, ముఖం గుర్తించే యాప్‌లు తెచ్చే చర్చల్లో ఇప్పటికీ అదే వినిపిస్తుంది.

2017లో అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఆరు రాష్ట్రాల్లో 619 బడులు చూసింది. బడిలో లేనివాళ్లు 18.5 శాతం. వాళ్లలో సెలవు పెట్టినవాళ్లు, శిక్షణకో ఇతర డ్యూటీకో వెళ్లినవాళ్లు పోగా, ఏ కారణమూ లేకుండా రానివాళ్లు 2.5 శాతం. "లేరు" అన్నది ఒక ప్రశ్న, "ఎందుకు లేరు" అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు యాప్ అయితే, రెండోదానికి జవాబు టీచర్ని బయటి పనులకు పంపకపోవడం, ఏకోపాధ్యాయ బడికి సెలవులో ప్రత్యామ్నాయం చూపడం. పిల్లల వైపు నుంచి చూస్తే కారణం ఏదైనా టీచరు లేనట్టే. అందుకే రెండు అంకెలూ మనకు కావాలి.

ఇంగ్లీషు మీడియం గురించి పరిశోధన ఏం చెప్తోంది? మా కోడలు ప్రైవేటుకే పంపుతానంటోంది.

మన రాష్ట్రంలోనే చూశారు. చీటీలు తీసి కొందరు పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టారు, కొన్నేళ్ల తర్వాత ప్రభుత్వ బడి పిల్లలతో పోల్చారు. 2015లో ఫలితం అచ్చయింది. తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. హిందీలో ప్రైవేటు పిల్లలు ముందున్నారు, అక్కడ ఆ సబ్జెక్టుకు సమయం ఇచ్చారు కాబట్టి. ఒక్కో పిల్లవాడికి ప్రైవేటు ఖర్చు మాత్రం ప్రభుత్వ ఖర్చులో మూడో వంతు కూడా లేదు. అంటే ప్రైవేటుకు పంపితే ఏదో ఒరుగుతుందనీ, ఏమీ ఒరగదనీ రెండువైపులా ఒక్క మాటలో చెప్పలేం.

కెన్యా పల్లెల్లో ఉచితంగా పాఠ్యపుస్తకాలు పంచినప్పుడు సగటు పిల్లలకు లాభం కలగలేదు, అప్పటికే ముందున్నవాళ్లకే కలిగింది. పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, చాలామందికి అది మూడో భాష. మన దగ్గర 2019లో అన్ని ప్రభుత్వ బడుల్నీ ఇంగ్లీషు మీడియం చెయ్యాలని జీవో వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది, తర్వాత తెలుగు ఒకవైపు ఇంగ్లీషు ఒకవైపు ఉన్న పుస్తకాలు వచ్చాయి. తల్లిదండ్రుల కోరిక న్యాయమైనది. ఇంగ్లీషు రాకపోతే విశాఖలో పని దొరకదని వాళ్లకు తెలుసు. కాని ఇంగ్లీషు బాగా నేర్పడం వేరు, మూడో తరగతి పిల్లకు అర్థం కాని భాషలో భిన్నాలు చెప్పడం వేరు. మీ కోడలికి చెప్పండి: ఏ బడికి పంపినా, పిల్ల చదివిన పేరాను తన మాటల్లో తెలుగులో చెప్పగలుగుతోందో లేదో ఇంట్లో అడిగి చూడమనండి.

మరి సవర గిరిజన పిల్లల సంగతి? వాళ్లకు తెలుగే పరాయి కదా.

ఈ ప్రశ్నకు ప్రపంచంలోనే తొలి జవాబులిచ్చిన వాళ్లలో ఒకరు మన గడ్డవాడు. గిడుగు వెంకట రామమూర్తి పంతులు 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ సవర నేర్చుకున్నారు, సొంత ఖర్చుతో సవర పిల్లలకు వాళ్ల భాషలో చదువు చెప్పించారు, పుస్తకాలు రాశారు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణం మద్రాసులో అచ్చయింది. బడి పుస్తకాల్లో వాడుక తెలుగు ఉండాలని విజయనగరంలో గురజాడ అప్పారావుతో, స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ జె.ఎ. యేట్స్ తోడ్పాటుతో ఆయన నడిపిన పోరాటం కూడా ఈ అనుభవం పక్కనే నడిచింది. పిల్లవాడికి అర్థమయ్యే భాషలో చెప్పాలన్న ఒక్క పట్టుదలే రెండింటిలోనూ ఉంది. మాతృభాషలో చదువు గురించి యునెస్కో నిపుణుల నివేదిక వచ్చింది 1953లో. గిడుగు అప్పటికి కన్నుమూసి పదేళ్లు దాటింది.

2004 ప్రాంతంలో మన రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టింది. సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా అందులో ఉన్నాయి. మొదటి తరగతిలో ఇంటి భాష, మెల్లగా తెలుగు, ఆపైన ఇంగ్లీషు. సీతంపేట ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లినా, మెళియాపుట్టి, మందస వైపు సవర ఊళ్లు మనకు ఇంకా ఉన్నాయి.

ఫిలిప్పీన్స్ అనుభవం చూడండి. లుబువాగన్ అనే కొండ ప్రాంతంలో ఇంటి భాషలో చదివిన పిల్లలు ఇంగ్లీషులో కూడా ముందున్నారని అక్కడి అధ్యయనం చూపింది. ఆ బలంతో 2012 నుంచి దేశమంతా మాతృభాష పెట్టారు. 2024లో చట్టం చేసి ఆ తప్పనిసరిని ఎత్తేశారు. చాలా భాషల్లో పుస్తకాలు, ఆ భాష తెలిసిన టీచర్లు సరిపడా సిద్ధం కాలేదు. పరిశోధన తప్పు కాదు. ఒక లోయలో ఏళ్ల తరబడి తయారైన పుస్తకాలతో, అక్కడి టీచర్లతో వచ్చిన ఫలితాన్ని అవి లేని చోట్లకు జీవోతో పంపించారు. మన సవర బడులకు కావలసింది సవర మాట్లాడే టీచరు పోస్టు, ఏటా జూన్‌లో చేతికందే పుస్తకం. ఈ రెండూ అడగడం మానకూడదు.

ఐబీ, టోఫెల్ అన్నారు, ఏమయ్యాయి?

2023లో టోఫెల్ (ఇంగ్లీషు సామర్థ్య పరీక్ష) కోసం, 2024 జనవరిలో ఐబీ (అంతర్జాతీయ సిలబస్) కోసం మన రాష్ట్రం ఒప్పందాలు చేసుకుంది. ప్రభుత్వం మారాక అవి ముందుకు సాగలేదు. అవి మంచివా చెడ్డవా అని తేలకముందే అయిపోయాయి. ఐదేళ్లకోసారి దిశ మారే చోట ఏ పద్ధతినీ సరిగా పరీక్షించలేం.

ప్రపంచ బ్యాంకు అప్పు ఇస్తే మన పాఠాలు కూడా వాళ్లే నిర్ణయిస్తారా?

2021లో సాల్ట్ అనే మన రాష్ట్ర బడుల ప్రాజెక్టుకు 25 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. అనుకున్న ఫలితాలు చూపిస్తే డబ్బు విడుదలయ్యే పద్ధతి. పాఠం వాళ్లు రాయరు. కాని ఏది లెక్కిస్తారో అదే అందరి పనీ అవుతుంది. పునాది చదువు, లెక్కలు లెక్కించడం మంచిదే. లెక్కకు రాని బొమ్మలు, ఆటలు, కథలు మన బడిలో నిలబెట్టుకోవడం మన బాధ్యత.

పల్లెటూరి టీచరు చేసేది పరిశోధన అవుతుందా?

జపాన్‌లో వందేళ్లకు పైగా అవుతూనే ఉంది. నలుగురైదుగురు టీచర్లు కలిసి ఒక్క పాఠం తయారు చేస్తారు. ఒకరు చెప్తారు, మిగతావాళ్లు పిల్లల్ని చూస్తారు, టీచర్ని కాదు. తర్వాత కూర్చుని ఎక్కడ పిల్లలు తడబడ్డారో మాట్లాడి, పాఠం మార్చి, ఇంకో తరగతిలో చెప్తారు. 1990లలో అమెరికా పరిశోధకులు జపాన్, జర్మనీ, అమెరికా గణితం క్లాసుల్ని వీడియో తీసి పోల్చాక ఈ అలవాటు ప్రపంచమంతా తెలిసింది.

మనకు దానికి తగిన చోటు ఎప్పటి నుంచో ఉంది. స్కూల్ కాంప్లెక్స్ ఆలోచన 1964-66 కొఠారీ కమిషన్‌ది. ఆ కమిషన్‌లో ఇంగ్లండ్, అమెరికా, ఫ్రాన్స్, జపాన్, సోవియట్ యూనియన్ల సభ్యులు కూడా ఉన్నారు. మన కాంప్లెక్స్ సమావేశాల్లో మోడల్ లెసన్ అయ్యాక "బాగా చెప్పారు మేడమ్" అని చప్పట్లు కొట్టి భోజనానికి లేస్తాం. దాని బదులు మూడో బెంచీలో కూర్చున్న అమ్మాయి ఏ దగ్గర ఆగిపోయిందో ముగ్గురు రాసుకుని చదివితే, అదే పరిశోధన. ఒక లెక్క, ఒక పాఠం, కొద్దిమంది పిల్లలు చాలు. తేదీ, పిల్లలు రాసిన తప్పులు అలాగే, మీరు మార్చింది, తర్వాత జరిగింది రాసి డైట్‌కు (జిల్లా టీచర్ల శిక్షణ సంస్థకు) ఇవ్వండి. శ్రీకాకుళం వాళ్లయితే వమరవల్లి, విజయనగరం వాళ్లయితే పట్నంలోనిది.

పరిశోధకులు మా బడికి వస్తామంటున్నారు. ఒప్పుకోవాలా?

ఒప్పుకోండి. ముందుగా కొన్ని అడగండి. పై అధికారుల అనుమతి కాగితం ఉందా? పిల్లల పేర్లు, ఫోటోలు బయటికి వెళ్లవని రాసిస్తారా? పరీక్ష పెడితే ఏ పీరియడ్ పోతుంది, ఎంతసేపు? తల్లిదండ్రులకు ఎవరు చెప్తారు, ఏ భాషలో? ఫలితం వచ్చాక మన బడికి తిరిగొచ్చి తెలుగులో చెప్తారా? ఈ చివరిదానికి చాలామంది సరేనంటారు గాని తర్వాత రారు. అందుకని వాళ్ల కాగితం మీదే "ఫలితాలు పాఠశాలకు తెలియజేస్తాం" అని ఒక వరుస రాయించి, తేదీతో సంతకం చేయించుకుని, నకలు హెచ్‌ఎం బీరువాలో పెట్టండి.